ఊగని కారు

2024 మార్చి 10, ఆదివారం

ఈ పుస్తకంలో మొదటి పది పేజీలు ఇన్వర్టర్ రీడింగులు. నేను పనిచేసే సోలార్ ప్లాంటులో పాతదని పారేస్తుంటే తెచ్చుకున్నాను. నా భార్య నేత్రావతి ఎప్పుడైనా తెరిచినా అంకెలు చూసి మూసేస్తుంది. అందుకే మనసులో మాట ఇందులో రాసుకుందామని.

ఈ రోజు మంగళవాడలో నేత్ర వాళ్ల బంధువుల పెళ్లి. మేముండే తిరుమణి నుంచి కారులోనే వెళ్లాం. మా పాప ధనుశ్రీ దారిలో మూడుసార్లు వాంతి చేసుకుంది. ఏడేళ్ల పిల్ల, కొత్త పట్టులంగా. మూడోసారి కారు ఆపేలోపే అయిపోయింది. పందిరి ముందు డోరు తీస్తే మా కంటే ముందు వాసన దిగింది.

నా బామ్మర్ది నాగేశ్ పదిమందిలో అన్నాడు. "ఏం బావా, కారు కొన్నావా, తొట్టెల కొన్నావా? ఎక్కినోళ్లంతా ఊగి ఊగి నిద్రన్నా పోవాల, కక్కన్నా కక్కాల."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్నం మాత్రం సహించలేదు.

పదేళ్ల పాత సెడాన్. బెంగళూరు ఆసామి దగ్గర కొన్నాను. మా హట్టిలో, అంటే మా గొర్రెలవాళ్ల ముప్పై ఇళ్లలో, కారు కొన్న మొదటివాణ్ణి నేను. స్టీరింగ్ తిప్పితే చక్రాలు ముందు తిరుగుతాయి, పైనున్న డబ్బా ఆలోచించుకుని తర్వాత తిరుగుతుంది. హంపు దాటాక నాలుగుసార్లు తల ఊపుతుంది. పిల్లకు కడుపులో తిప్పక ఏం చేస్తుంది?

దీని సంగతి తేల్చాలి.

మార్చి 12

పావగడలో దాసప్ప షెడ్డుకు వెళ్లాను. ముప్పై ఏళ్లుగా లారీలు, కార్లు చూసే మెకానిక్. డిక్కీ తెరిచి లోపలికి వంగి చూశాడు. వెనక బరువుంటే కారు రోడ్డుకు అతుక్కుంటుందని ఎవరో చెబితే రెండు ఇసుక మూటలు వేసుకుని తిరుగుతున్నాను మరి.

"ఇల్లు కట్టేదానికి పోతాండావా?" అన్నాడు. మూటలు దించేశాడు. టైర్లలో గాలి చూశాడు. నాలుగు టైర్లలో నాలుగు రకాలు. "ఫస్టు గాలి సరిగ్గా పట్టించుకోప్పా. అది అగ్గువ. ఆమీద అలైన్‌మెంటు. ఆమీద కింద రబ్బరు బుష్షులు అరిగిపోయినాయి, అవి మార్చు. షాకులు కడాకు చూద్దాం. ఉండే రోగానికి మందేస్తే సాలు, లేని సోకులకు పోవద్దు."

పెద్ద టైర్లు, స్ప్రింగులు కోసి కారు కిందికి దించడం, అవన్నీ ఫోనులో చూసి వెళ్లినవాణ్ణి. అడగకుండానే నోరు మూసుకున్నాను.

మార్చి 24, ఆదివారం

గాలి, అలైన్‌మెంటు, బుష్షులు అయ్యాయి. ముందు భాగం మనిషయింది. స్టీరింగ్ మాట వింటోంది. వెనక మాత్రం అదే ఊపు. వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ నూనె కార్చేశాయి. కొత్తవి వేయాల్సిందే అన్నాడు దాసప్ప.

ఇంట్లో ఆ మాట ఎత్తగానే నేత్ర చీపురు కింద పెట్టి మరీ చెప్పింది. "పండగకు పాపకు కమ్మలు అన్నావు, యాడ? వానకాలం లోపల పైకప్పు షీట్లు అన్నావు, యాడ? ఇంగ ఆ కారుకు నా ఇంట్లోంచి ఒక్క రూపాయి పోదు. పాప బస్సులో వస్తే కక్కదు, తెలుసా నీకు?"

తెలుసు. అదే మండుతోంది.

ఏప్రిల్ 2

మా ప్లాంటులో పలకలు సూర్యుడితో పాటు తూర్పు నుంచి పడమటికి తిరుగుతాయి. ఒక్కో వరస పొడుగునా ఒకటే ఇరుసు. గాలికి అది ఊగకుండా ప్రతి వరసకూ నాలుగు డాంపర్లు ఉంటాయి. స్తంభానికీ ఇరుసుకూ మధ్య, లోపల నూనెతో, రెండు చివరలా బోల్టు దూరే కన్నాలతో. ఆరేళ్లుగా వాటిని తుడుస్తున్నాను, బోల్టులు బిగిస్తున్నాను. ఈ రోజు ఒకదాని పక్కన కూర్చుని టిఫిన్ తింటుంటే తట్టింది. కారు షాక్ అబ్జార్బర్‌కూ దీనికీ తేడా ఏముంది? రెండూ ఒక తల్లి పిల్లలే. రెండూ ఊగేదాన్ని ఊగనివ్వవు.

ఏప్రిల్ 5

ఊరికే కొలత చూశాను. చూస్తే తప్పేముంది.

ఏప్రిల్ 14, ఆదివారం

నలభై ఏడో వరస కంచె పక్కన, చిట్టచివర. అటువైపు మనుషులు వెళ్లరు, గొర్రెలు తప్ప. దాని డాంపర్లలో రెండు విప్పాను. నాలుగింటిలో రెండు మిగిలే ఉన్నాయి కదా. కంపెనీవాళ్లు ఏదైనా కావలసినదానికి రెట్టింపు పెడతారు, అది నేను చూస్తున్నదే. పైగా స్టోరులో స్పేరు వచ్చిన రోజు తిరిగి పెట్టేస్తాను. ఇది తీసుకోవడం కాదు, వాడుకోవడం.

దాసప్ప వాటిని చేతిలో తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు. "ఇది కారుది కాదే. యాడిది?"

పాత ఇనుపసామాను కొట్టులో దొరికిందన్నాను.

"ఇది నిదానంగా కదిలేదానికి చేసింది ఈరేశా. కారు చక్రం గుంతలో నిమిషానికి నూరుసార్లు ఎగురుతాది. కొన్నాళ్లు బిర్రుగా పట్టుకుంటాది, ఆమీద సీళ్లు పోతాయి. నేనైతే ఎయ్యను. నా షెడ్డు పేరు పోతాది."

వేయకపోతే పోనీ. నాగలమడికలో వెల్డింగ్ షాపు ఉంది. ఐటీఐ ఫిట్టరు చదివిన చేతులు నావి. మధ్యాహ్నానికి బ్రాకెట్లు వెల్డు చేయించి నేనే బిగించాను.

ఏప్రిల్ 21, ఆదివారం

రాయకుండా ఉండలేను. మంగళవాడ వెళ్లి వచ్చాం. ధనుశ్రీ వాంతి చేసుకోలేదు. పోయేటప్పుడూ లేదు, వచ్చేటప్పుడూ లేదు. పినాకిని వంతెన దగ్గర మలుపులో ఎప్పుడూ నా సీటు వెనక్కి పట్టుకుని కళ్లు మూసుకునేది. ఈ రోజు కిటికీలోంచి చూస్తూ, "నాయనా, ఏట్లో నీళ్లు ల్యా, ఎనుములుండాయి," అంది. దారంతా వాగుతూనే ఉంది. నేత్ర నా వైపు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే మెచ్చుకోలు.

నాగేశ్‌ను ఎక్కించుకుని ఊళ్లో ఒక చుట్టు తిప్పాను. కారు వెనక బిగుసుకుపోయింది, చిన్న గుంతకు నడుం అదురుతుంది, అది నిజమే. మలుపులో మాత్రం ఒక్క ఊపు లేదు. "షాకులు ఏసినావా బావా, ఎంతయింది?" అన్నాడు. "తెలివి ఉంటే తక్కువలో అయితాది," అన్నాను.

ఆ మాట నా నోటితో నేనే అన్నాను. రాసి పెట్టుకుంటున్నాను.

మే 4, శనివారం

నెల తనిఖీ. వరస నంబరు, బోల్టులు, మోటారు, డాంపర్లు. ఒక్కోదానికి ఒక్కో గడి. నలభై ఏడు దగ్గర పెన్ను ఆగింది. నాలుగు గడుల్లోనూ టిక్ పెట్టాను. స్పేరు ఇంకా రాలేదు. వస్తే పెట్టేసేవాణ్ణే కదా, కాబట్టి ఉన్నట్టే లెక్క.

మే 13, సోమవారం

మధ్యాహ్నం మూడుకు గాలి లేచింది. ఈ కాలంలో మామూలే. ఎర్రదుమ్ము, ఆ వెనక నాలుగు చినుకులు. గాలి పెరగ్గానే వరసలన్నీ వాటంతట అవే బల్లపరుపుగా పడుకున్నాయి. నలభై ఏడు పడుకోలేదు. కంట్రోల్ రూమ్ కిటికీలోంచి చూశాను. ఒక చివర పైకి లేస్తుంటే ఇంకో చివర కిందికి దిగుతోంది. తడిబట్టను పిండినట్టు మెలి తిరిగింది. పలకలు ఒక్కొక్కటే పగిలి ఎగిరాయి.

ఆ వరస కింద కాటయ్య మామ ఉన్నాడు.

పలకలు కడిగిన నీళ్లకు ఎండాకాలంలోనూ ఆ వరసల కింద గడ్డి ఉంటుంది. తాలూకా అంతా చూసినా పచ్చన అక్కడే. గడ్డి పెరిగితే పలకలకు నీడ పడుతుందని కంపెనీ మా హట్టిలో నలుగురికి గేటు పాసులిచ్చింది, గొర్రెలు మేపుకోవడానికి. మామ అందులో ఒకడు. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. నాయన పోయాక నేను పెరిగింది మామ గొర్రెల వెనకే.

గాలికి గొర్రెపిల్లలు వరస కింద ముడుచుకుంటే వాటిని బయటికి తోలడానికి లోపలికి దూరాడు. దిగివచ్చిన ఫ్రేము ముంజేతి మీద కొట్టింది. నేను వెళ్లేసరికి ఎముక చర్మాన్ని లోపలి నుంచి పొడుచుకుని కనబడుతోంది. రెండు గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి. మామ వాటినే చూస్తున్నాడు.

అంబులెన్సు మధుగిరి వైపు ఉందన్నారు. ఆనంద్‌కుమార్ సారు, మా సైటు ఇంజనీరు, "ఈరేశ్, నీ కారు తీయప్పా," అన్నాడు.

మామను వెనక సీట్లో పడుకోబెట్టాం. గేటు దగ్గర కారెక్కిన మామ భార్య మారెమ్మత్త ఆయన తల ఒడిలో పెట్టుకుంది. పావగడ దాకా నేను అద్దంలో చూడలేదు. ఆసుపత్రి గేటు దగ్గర మామ కళ్లు తెరిచి అన్నాడు. "కారు బాగుండాది ఈరేశా. ఊగనే లేదు. నొప్పి తెలీకుండా తెచ్చినావు."

మే 14

చెయ్యికి రాడ్ వేశారు. సెలవు పెట్టలేదు. డ్యూటీకి వెళ్లాను.

మే 15

సారు రెండు డాంపర్లు లేవని కనిపెట్టాడు. నన్ను గదిలోకి పిలిచాడు. నా తనిఖీ కాగితం ఆయన బల్ల మీద ఉంది.

"నాలుగో తారీకు నువ్వు చూసినావు. నాలుగూ ఉండాయని టిక్ కొట్టినావు. పదమూడుకు రెండు లేవు. ఈ తొమ్మిది దినాల్లో ఆ మూల పక్కకు ఎవరు పోయినారు?"

నేను కాగితం మీది టిక్కునే చూస్తున్నాను.

"గొర్రెలోళ్లు తప్ప ఎవరూ పోలేదు," అని ఆయనే అన్నాడు. "పాతసామాను గుజిరీకి అమ్ముకోనుంటారు. పాపం నీ బంధువులంట గదా. అయినా నేను ఏం చేసేదానికి లేదు. రిపోర్టు నువ్వే రాసియ్యి, బెంగళూరు ఆఫీసుకు కన్నడంలో పోవాల, నీ చేతి రాత బాగుంటాది."

రాశాను. మే నాలుగు నాటికి డాంపర్లు యథాస్థానంలో ఉన్నవి. తదుపరి అపహరణకు గురైనవి. ఎవరి పేరూ రాయలేదు. ఆ ఒక్కటీ రాయలేదు కదా అని బయటికొచ్చాక నాకు నేను చెప్పుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మే 16

రేపు చెప్తాను. మామ ఆసుపత్రి నుంచి రానీ.

మే 17

నాలుగు పాసులూ రద్దు. దొంగ ఎవరో తేలితే మిగతా ముగ్గురికి తిరిగి ఇస్తారట. ఉరిమి ఉరిమి మంగలం మీద పడిందంటారు, అట్లా ఉంది. ఉరిమింది ఎక్కడో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మామ ఈ రోజే ఇంటికొచ్చాడు. తీసుకొచ్చింది నేనే. అదే కారు.

మే 20, సోమవారం

హట్టిలో పొద్దున పంచాయితీ. నలుగురి గొర్రెలూ దొడ్లోనే ఉన్నాయి, ఆకలికి అరుస్తున్నాయి. ఆ అరుపుల మధ్యే మాట్లాడుకున్నారు. పెద్దమనిషి దొడ్డన్న అందరినీ కూర్చోబెట్టాడు. పాసు పోయినవాళ్లలో కదిరప్ప ఒకడు, నోరు ఆగని మనిషి.

"మా చేతుల్లో కర్రలుంటాయి, స్పానర్లు ఉండవు," అన్నాడు. "ఆ బోల్టులు ఇప్పాలంటే తెలిసినోడే ఇప్పాల. లోపల పని చేసేటోళ్లు మన హట్టిలోనే ఉండారు." నన్నే చూస్తూ అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఎవరూ నా ముఖం చూడకముందే మామ లేచాడు. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది. ఇంకో చేత్తో భుజం మీది నల్ల కంబళి తీసి నేల మీద పరిచాడు. మావాళ్లు మాటకొస్తే కోర్టుకు పోరు, స్టేషనుకు పోరు. సొంత కంబళి పరిచి, పసుపు చల్లి, దాని మీద నిలబడి చెప్పిందే తీర్పు. వానకు, చలికి, పడకకు, పీనుగ మీద కప్పడానికి ఒకటే కంబళి కాబట్టి దాని మీద ఎవరూ అబద్ధమాడరు.

"నేను తీయలేదు," అన్నాడు మామ. "నా అక్క కొడుకు తీయలేదు. వాడు నా గొర్రెల్లో పెరిగినోడు. ఇందులో అబద్ధముంటే ఈ కంబళి నా భుజానికి వద్దు."

కదిరప్ప తల దించుకున్నాడు. దొడ్డన్న చాలు అన్నాడు. అత్త నాకు మజ్జిగ తెచ్చిచ్చింది. తాగాను.

తాగాను.

మే 21

రాయాలని లేదు.

మే 24

బాగా ఆలోచించాను. ఇప్పుడు నేను నిజం చెబితే ఏమవుతుంది? పాసులు వస్తాయి, నిజమే. కానీ మామ ప్రమాణం అబద్ధమైపోతుంది. కంబళి మీద అబద్ధమాడినవాడని మామను అంటారు. ఆ మాట మామ తట్టుకోలేడు. కాబట్టి నేను మాట్లాడకపోవడమే మామకు మేలు. నా కోసం కాదు, మామ పరువు కోసమే.

రాసి చూసుకుంటే బాగానే కుదిరింది.

మే 25

కుదరలేదు. నా ఉద్యోగం కోసం. నేత్ర ముఖం చూడలేక. నాగేశ్ నవ్వుతాడని. వీటిలో మామ ఎక్కడా లేడు.

మే 26

ధనుశ్రీ మంగళవాడకు కారులో పోదామని ఏడ్చింది. పెట్రోలు లేదన్నాను. ఉంది.

మే 29, బుధవారం

మారెమ్మత్త ప్లాంటు గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రానివ్వరు కాబట్టి నన్ను బయటికి పిలిపించింది. గొర్రెలను పెద్దరోడ్డు పక్కన మేపుతున్నారట. మేపడానికి అక్కడ ఏముంది, టీ కప్పులు, ప్లాస్టిక్ కవర్లు. ఒక సూడి గొర్రె కడుపుబ్బి పడుకుని లేవలేదట.

"ఈరేశా, నీ మాట సారు ఇంటాడంట గదా. ఒక్క మాట చెప్పు నాయనా. మీ మామ చెయ్యి పోతే పోనీ అంటాడు గానీ గొర్రెల్ని చూసి రెండు దినాలుగా అన్నం ముట్టలేదు. నువ్వు ఉండావనే ధైర్యంతో వచ్చినా."

"చెప్తానత్తా," అన్నాను.

అత్త కొంగుముడి విప్పి ధనుశ్రీకివ్వమని శనగలు నా చేతిలో పోసింది. వెళ్తూ వెళ్తూ కంచెలోంచి నలభై ఏడో వరస కింది గడ్డి వైపు చూసింది. అక్కడ గడ్డి మోకాలెత్తు ఉంది.

నాకు సిగ్గుగా ఉంది. ఇంతకన్నా పెద్ద మాట తెలిస్తే అదే రాసేవాణ్ణి.

మే 31, శుక్రవారం

పొద్దున్నే హట్టికి వెళ్లాను. మామ గొర్రెల దొడ్డి గోడ మీద కూర్చుని ఎడమ చేత్తో గొర్రెపిల్లకు చెవిలో పేలు తీస్తున్నాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. డాంపర్లు తీసింది నేను. కారుకు వేసుకున్నది నేను. ఉన్నాయని టిక్ పెట్టింది నేను. రిపోర్టు రాసింది నేను. ఎన్నిసార్లు నేను అన్నానో లెక్కలేదు.

మామ పిల్లను దించాడు. అది తల్లి దగ్గరికి పోయేదాకా చూశాడు.

"ఆ పొద్దు నన్ను తీసుకపోయింది ఆ కారులోనేనా?"

"ఊ."

"అందుకే ఊగలేదు," అన్నాడు.

అంతే. తిడతాడనుకున్నాను. పక్కన కర్ర ఉంది, కొట్టినా బాగుండేది. గోడ దిగి నిలబడ్డాడు. "నువ్వు పోయి సారుకు చెప్పు. నేను దొడ్డన్నకు చెప్తా."

నేను అడ్డుపడ్డాను. "నువ్వేం చెప్తావు మామా? నీకు తెలీక చేసిన ప్రమాణం. నేనే వచ్చి అందరి ముందరా ఒప్పుకుంటా. నువ్వు నోరు తెరవద్దు. నీ కాళ్లు పట్టుకుంటా."

"కంబళికి తెలిసి చేసింది, తెలీక చేసింది అని రెండు లేవప్పా. నేను నిన్ను కలిపి నిలబడినా. నిలబడమని నువ్వు అడిగినావా? అడగలేదు. నేనే నిలబడినా."

జూన్ 1, శనివారం

రాత్రి నేత్రకు చెప్పాను. ఏడవలేదు. "పాప వాంతి చేసుకోలేదని నేను ఎంత సంబరపడినానో," అని మాత్రం అంది. పొద్దున కారును ఇంటి ముందు జాకీ ఎత్తి డాంపర్లు విప్పుతుంటే గడప మీద కూర్చుని చూసింది. రెండూ నూనె కార్చేసి ఉన్నాయి. దాసప్ప చెప్పినట్టే సీళ్లు పోయాయి. ఇప్పుడు అవి కారుకూ పనికిరావు, వరసకూ పనికిరావు.

సంచిలో వేసుకుని బస్సులో వెళ్లాను. సారు బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని చూశాడు, నన్ను చూశాడు, తనిఖీ కాగితం తీసి నా టిక్ చూశాడు.

"ఆరు సంవత్సరాలు ఈరేశ్," అన్నాడు. "నీ టిక్ ఉంటే నేను మళ్లీ పోయి చూసేవాణ్ణి కాదు."

రాసివ్వమన్నాడు. ఈసారి పేరుతో సహా రాశాను. చేతిరాత వంకరగా వచ్చింది. కంపెనీ ఏం చేస్తుందో వారంలో తెలుస్తుందన్నాడు, కేసు పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. గొర్రెలవాళ్ల పాసులు మాత్రం ఈ రోజే పైకి రాస్తానన్నాడు.

తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

జూన్ 3, సోమవారం

హట్టిలో మళ్లీ కూర్చున్నారు. నేను చెప్పాను. కదిరప్ప నా మీద ఉమ్మేస్తాడనుకుంటే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నాకు తప్పు వేశారు, ఏడాది పాటు హట్టిలో నా చేతి నీళ్లు, నా ఇంటి నిప్పు ఎవరూ ముట్టరు. వేయాల్సిందే.

తర్వాత మామ లేచి కంబళి మడిచి దొడ్డన్న ముందు పెట్టాడు.

దొడ్డన్న దాన్ని ముట్టుకోలేదు. "కాటయ్యా, నీకు తెలీదు గదా. ఒక టెంకాయ కొట్టి ఎత్తుకోప్పా. ఎవరూ ఏమీ అనరు."

"నేను అన్నా గదా," అన్నాడు మామ. "అబద్ధముంటే నా భుజానికి వద్దని. ఎవరూ అనేదేముండాది?"

"ఎన్ని దినాలు?"

"దినాలు చెప్పలేదు నేను ఆ పొద్దు."

మామ నాయన గొర్రెల బొచ్చుతో నేయించిన కంబళి అది. చివర్లలో చిరుగులను అత్త ఎర్ర దారంతో కుట్టింది. దొడ్డన్న కళ్లు తుడుచుకుని దాన్ని తీసుకుని లోపలికి వెళ్లాడు.

నేను తప్పు చేస్తే నాకు ఏడాది. నన్ను నమ్మితే మామకు అంతు లేదు.

జూన్ 5

ఏమీ లేదు.

జూన్ 8, శనివారం

కంపెనీ కేసు పెట్టలేదు, ఉద్యోగం తీసేసింది. ఆ కాగితం తీసుకోవడానికి పొద్దున ప్లాంటుకు వెళ్లాను. గేటు బయట చెట్టు లేదు, సెక్యూరిటీ షెడ్డు వెనక నిలబడ్డాను. తొమ్మిదింటికి నాలుగు మందలూ వచ్చాయి. పాసులు చూసి గేటు తీశారు.

అప్పుడే వాన పట్టుకుంది. ఈ ఏడు మృగశిర సరిగ్గా దిగింది. ముగ్గురు కాపరులూ కంబళ్లు మడిచి తల మీంచి వీపు దాకా కొప్పెర పెట్టుకున్నారు. కదిరప్ప ముందు, ఆ వెనక మిగతా ఇద్దరు. మామ కట్టు తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, తలకు తువ్వాలు కట్టుకుని చివరన వచ్చాడు.

వానలో గొర్రెలు తల దించుకుని నడుస్తాయి. ముందున్న నల్ల కంబళి వెంటే పోతాయి. చిన్నప్పుడు నేనూ అట్లాగే నడిచేవాణ్ణి, కాబట్టి తెలుసు. గేటు దాటాక మామ మంద నిలిచిపోయింది. మామ నాలుకతో శబ్దం చేసి పిలిచాడు. చెవులు ఆయన వైపు తిప్పాయి. కాళ్లు తిప్పలేదు. ముందుపోయే గొర్రె ఒకటి అటూ ఇటూ చూసి కదిరప్ప కంబళి వెంట నడిచింది. దాని వెనక మిగతావన్నీ కదిలాయి. క్షణంలో రెండు మందలూ కలిసిపోయాయి.

మామకు తోడుగా వచ్చిన మారెమ్మత్త గొర్రెల వైపు పరుగెత్తింది. కదిరప్ప ఆగి తన గొర్రెలను అదిలించాడు. నేను షెడ్డు వెనక నుంచి వచ్చి గేటు దాకా వెళ్లాను. సెక్యూరిటీవాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నిన్నటిదాకా నాకు సలాం చేసినవాడు.

"మామా," అన్నాను. "నేను వస్తా. విడదీస్తా."

మామ నా వైపు చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. అదే నాకు భరించరానిది.

"నువ్వు పో ఈరేశా. నీకిప్పుడు పాసు లేదు."

నిజమే, లేదు. గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. మామ వానలో తడుస్తూ కదిరప్ప గొర్రెల మధ్యకు దిగాడు. ఒంటిచేత్తో ఒక్కోదాని వీపు తడిమి, ముఖం దాని ముఖానికి దగ్గరగా పెట్టి, పేరు పెట్టి పిలిచి, గొంతు గుర్తు పట్టేదాకా ఆగి, అప్పుడు పక్కకు తోలుకుంటున్నాడు. పదకొండు గంటల దాకా చూశాను. ఇంకా సగం మిగిలే ఉన్నాయి.